విననట్టు ఉండలేని మనిషి

మొన్న అక్టోబరులో ఒక రాత్రి పదకొండు దాటాక మా చిన్నాన్న కొడుకు ఫోను చేశాడు. "అక్కా, ఒక చిన్న విషయం" అని మొదలుపెట్టాడు. మా ఇంట్లో ఎవరైనా చిన్న విషయం అన్నారంటే ముందు కుర్చీ వెతుక్కోవాలి. చిన్నాన్నకు గుండెనొప్పి వచ్చినప్పుడు కూడా పిన్ని ఫోనులో ఇదే మాటతో మొదలుపెట్టింది.

వాడు ఒంగోలు నుంచి ఆగస్టులో వచ్చాడు. అమెరికా మధ్య పశ్చిమాన ఒక విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్, మొదటి సెమిస్టర్. మూడు కోర్సులు, తొమ్మిది క్రెడిట్లు. అందులో ఒకటి వాడి తలకెక్కలేదు. బీటెక్‌లో వాడు చదవని గణితం మీద నడిచే కోర్సు అది. గ్రేడు పాడవుతుందని భయపడి, సెప్టెంబరు మధ్యలో ఒక రాత్రి ఆన్‌లైనులో బటన్ నొక్కి వదిలేశాడు. ఎవరినీ అడగకుండా చేశాడని అనలేను. తెలుగు విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో అడిగాడు. "ఏమీ కాదు తమ్ముడూ, నేనూ వదిలేశాను" అని ఒక సీనియర్ రాశాడు. ఆ సీనియర్ వదిలింది ఆఖరి సెమిస్టర్‌లో, ముందుగా అనుమతి తీసుకుని. ఆ సంగతి ఆయన రాయలేదు, వీడు అడగలేదు.

ఆ తర్వాత ఇంటర్నేషనల్ ఆఫీసు నుంచి రెండు మెయిళ్లు వచ్చాయి. వీడు తెరవలేదు. "తెరిస్తే చదివినట్టు వాళ్లకు తెలుస్తుందేమోనని" అన్నాడు. నోటీసు చేతికి తీసుకోకపోతే కేసే లేదన్న మన ఊరి న్యాయం సముద్రాలు దాటి వచ్చిందన్నమాట. మూడో మెయిలు తెరిచేసరికి, విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థ సెవిస్‌లో వాడి రికార్డు రద్దయింది. అనుమతి లేకుండా పూర్తికాల చదువు కంటే కిందికి దిగినందుకు.

ఇందులో నన్ను ఇప్పటికీ కాల్చేది ఏమిటంటే, ఆ కోర్సు వదలడం తప్పే కాదు. కొత్తగా వచ్చిన విద్యార్థి తన స్థాయికి సరిపడని కోర్సులో పడితే, ఒక సెమిస్టర్‌కు తక్కువ క్రెడిట్లతో చదవడానికి నిబంధనల్లోనే దారి ఉంది. కనీసం సగం భారం మిగలాలి, తర్వాతి సెమిస్టర్‌లో మళ్లీ పూర్తిగా చదవాలి. తొమ్మిదిలో మూడు పోతే ఆరు మిగులుతాయి. వాడి పరిస్థితి ఆ నిబంధనకు కొలత తీసి కుట్టించినట్టు సరిపోయింది. కావలసిందల్లా బటన్ నొక్కే ముందు రోజు ఆ ఆఫీసు మెట్లెక్కి ఒక కాగితం మీద అధికారి చేత అవుననిపించుకోవడం. ముందు రోజు అడిగితే అనుమతి, మర్నాడు చెబితే ఉల్లంఘన.

గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చింది. వాడిని తిట్టాల్సినంత తిట్టాను. తిట్టాక పడుకుని ఆలోచిస్తే, వాడు ఆ ఆఫీసుకు ఎందుకు వెళ్లలేదన్న ప్రశ్న మిగిలింది. బద్ధకస్తుడు కాదు. కాలేజీలో సీటు దగ్గర నుంచి బ్యాంకు అప్పు దాకా ప్రతి కౌంటరు దగ్గరా తానే నిలబడి పని చేయించుకున్నవాడు. వెళ్లలేదంటే భయపడి వెళ్లలేదు. ఆ భయం తెలివితక్కువతనమని నేను అనలేకపోతున్నాను.

ఒకే కుర్చీ, రెండు కొలువులు

ఇంటర్నేషనల్ ఆఫీసులో మన ఎదుట కూర్చునే సలహాదారుకు డీఎస్‌ఓ (డిజిగ్నేటెడ్ స్కూల్ అఫీషియల్) అని ఇంకో పేరుంది. జీతం ఇచ్చేది విశ్వవిద్యాలయం. చేసే పనిలో సగం ప్రభుత్వానిది. 2001 దాడుల తర్వాత, 2003 నుంచి, విదేశీ విద్యార్థుల వివరాలన్నీ ఈ సెవిస్‌లోకి ఎక్కుతున్నాయి. ఎక్కించేది ఈ సలహాదార్లే. విద్యార్థి స్టేటస్ నిలబెట్టుకోలేదని, అంటే విద్యార్థిగా ఈ దేశంలో ఉండే షరతులు తప్పాడని తెలిస్తే 21 రోజుల్లో అక్కడ నమోదు చేయాలి. ఆ వ్యవస్థ నిర్వహణకని వీసాకు ముందే మన పిల్లలు 350 డాలర్లు కడతారు. మన మీద నిఘా ఖర్చు కూడా మనమే పెట్టుకుంటున్నామని మా నాన్న ఒకసారి నవ్వారు.

డాక్టరు దగ్గరికి వెళ్తే రోగం చెబుతాం. లాయరు దగ్గరికి వెళ్తే నేరమైనా చెబుతాం. వాళ్లు దాన్ని బయటికి చెప్పకూడదని ఏర్పాటు ఉంది కాబట్టి. డీఎస్‌ఓకు ఆ వెసులుబాటు లేదు. మనం చెప్పింది నిబంధన తప్పిన సంగతైతే దాన్ని రాయవలసిన మనిషి ఆ సలహాదారే.

నేను 2011లో వచ్చాను. 2013లో ఎమ్మెస్ అయ్యాక ఓపీటీ మీద, అంటే చదువు తర్వాత కొంతకాలం పని చేయనిచ్చే అనుమతి మీద, ఉద్యోగం వెతుక్కుంటున్నాను. ఆ సమయంలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులు. నాకు డెబ్బై దాటాయి. స్నేహితురాలి భర్త కంపెనీ కాగితాల మీద ఉద్యోగినిగా చూపిస్తానన్నాడు. జీతం లేదు, పని లేదు, పేరు మాత్రమే. రెండు రాత్రులు నిద్ర లేక, మూడో రోజు సలహాదారు దగ్గరికి వెళ్లాను. ఆవిడ బల్ల మీద గాజు గిన్నెలో చాక్లెట్లు, గోడ మీద పది భాషల్లో స్వాగతం.

నేను నోరు తెరిచేలోపు ఆవిడ లేచి తలుపు వేసి వచ్చి కూర్చుంది. "మీరు అడగబోయేది 'ఒకవేళ చేస్తే' అయితే ఎంతసేపైనా అడగండి. 'నిన్న చేశాను' అయితే మాత్రం నన్ను అడగవద్దు. విన్నదాన్ని విననట్టు ఉండలేను" అంది.

నాది ఇంకా 'ఒకవేళ' దశలోనే ఉంది కాబట్టి అడిగాను. వద్దంటే వద్దంది. చదివిన విషయానికి నేరుగా సంబంధించిన పని అయితే, వారానికి కనీసం ఇరవై గంటలు చేస్తే, జీతం లేకపోయినా ఆ మొదటి ఏడాది ఓపీటీలో ఉద్యోగం కిందే లెక్క వస్తుందని చెప్పింది. ఆ మధ్యాహ్నమే నా పాత ప్రొఫెసర్ ప్రయోగశాలకు వెళ్లి అడిగాను. ఈ రోజు ఈ దేశంలో నాకు జీతం వస్తోందంటే ఆ సలహా వల్లే. అంత మేలు చేసిన మనిషి మీద ఫిర్యాదు రాస్తున్నానని ఎవరూ అనుకోకూడదు.

కాని ఆ తలుపు వేయడం నాకు పన్నెండేళ్లుగా గుర్తుంది. సలహా చెప్పడానికి కూర్చున్న మనిషి, సలహా చెప్పేముందు ఎదుటివారి నోరు నొక్కవలసి వచ్చింది. మంచి మనిషి కాబట్టి నొక్కింది. ఇంకొకరైతే చాక్లెట్ల గిన్నె ముందుకు జరిపి, "ఏమైందో చెప్పండి" అనేవారు.

భయానికి పుట్టిల్లు

నేను వీసాకు తయారవుతున్న రోజుల్లోనే ట్రై-వ్యాలీ గొడవ వచ్చింది. 2011 జనవరి. కాలిఫోర్నియాలో ఒక బోగస్ విశ్వవిద్యాలయం, పదిహేను వందలకు పైగా విద్యార్థులు, అందులో ఆంధ్రప్రదేశ్ పిల్లలే ఎక్కువ. వాళ్లలో కొందరి కాళ్లకు కట్టిన, కదలికలు కనిపెట్టే పరికరాలను టీవీలో చూసి మా అమ్మ అన్నం ముందు నుంచి లేచిపోయింది. వందల మంది ఒకే అపార్టుమెంటులో ఉంటున్నట్టు సెవిస్‌లో రాసింది ఆ సంస్థను నడిపిన మనిషే. ఆమెకు తర్వాత పదహారేళ్ల జైలు పడింది. అంటే అధికారిగా ఐ-20లు, అదే వీసాకు కావలసిన ప్రవేశపత్రాలు, ఇచ్చిన మనిషే దొంగ.

2019లో ఫార్మింగ్టన్. అది ఇంకా వింత. మిషిగన్‌లో ఆ విశ్వవిద్యాలయాన్ని పెట్టిందే ప్రభుత్వ దర్యాప్తు సంస్థ. అక్కడ అధికారులుగా మాట్లాడినవాళ్లు మారువేషంలో ఉన్న ఏజెంట్లు. చేరినవాళ్లు ఆరు వందల మంది దాకా. అందులోనూ మనవాళ్లే ఎక్కువ. తరగతులు లేవని తెలిసీ చేరినవాళ్లు ఉన్నారు, నేను కాదనను. తరగతులు ఎప్పుడు మొదలవుతాయని అడిగి ఆ 'అధికారులకే' మెయిళ్లు రాసినవాళ్లూ ఉన్నారు.

ఈ రెండు కథలు విననివారు మన ఊళ్లలో విమానం ఎక్కరు. ఆ పిల్లలకు ఇంటర్నేషనల్ ఆఫీసు తలుపు మీద స్వాగతం కంటే ముందు ఇవి కనిపిస్తాయి. దానికి తోడు మన సొంత అనుభవం ఒకటి. ఎమ్మార్వో ఆఫీసుకు ఒక కాగితం కోసం వెళ్తే, అప్పటిదాకా లేని తగాదా ఒకటి మన పొలానికి తగులుకుంటుందని చిన్నప్పటి నుంచి చూస్తూ పెరుగుతాం. పని ఉన్నా పోకపోవడమే క్షేమమని నేర్చుకుంటాం. ఈ దేశంలో నిబంధనలు దీనికి సరిగ్గా తలకిందులు. ముందుగా పోయినవాడిదే క్షేమం.

కన్సల్టెన్సీలు ఈ ఖాళీని పూడుస్తాయని కొందరంటారు. అమీర్‌పేటలో వాటి బోర్డులు లెక్కపెట్టడం కష్టం. కమీషను ఎక్కువగా అటు విశ్వవిద్యాలయం నుంచే వస్తుంది కాబట్టి, పిల్లవాడు చేరాక వాళ్ల ఆసక్తి తీరినట్టే. వాడి ఫోను ఎత్తేది సీనియరే.

నేను కోరేది

విదేశీ విద్యార్థుల నుంచి ఫీజు తీసుకునే ప్రతి విశ్వవిద్యాలయమూ ఒక స్వతంత్ర ఇమిగ్రేషన్ లాయరును వాళ్లకు అందుబాటులో పెట్టాలి. సెవిస్‌తో సంబంధం లేని మనిషి. చెప్పింది తన దగ్గరే ఉంచుకోవలసిన మనిషి. ఏడాదికి ఒకటి రెండు గంటలైనా, అదనంగా డబ్బు అడగకుండా. 'ఒకవేళ' ప్రశ్నలు డీఎస్‌ఓకు, 'నిన్న చేశాను' ప్రశ్నలు లాయరుకు.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం 1997 నుంచి ఉచితంగా ఇమిగ్రేషన్ న్యాయసహాయం ఇస్తోంది. అది ఎక్కువగా పౌరసత్వం, గ్రీన్ కార్డు దరఖాస్తుల కోసం, నిజమే. కాని ప్రభుత్వ విశ్వవిద్యాలయం గొడుగు కింద లాయర్లు కూర్చోవచ్చని రుజువైంది కదా. అమెరికన్ విద్యార్థికి ఇంటి యజమానితో పేచీ వస్తే ఉచితంగా చూసే లాయర్లు చాలా క్యాంపస్‌లలో ఇప్పటికే ఉన్నారు. వాళ్లలో చాలామంది ఇమిగ్రేషన్ మాట వింటే మా పరిధి కాదంటారు.

డబ్బు ఎక్కడిదంటారా? 2024-25లో అమెరికాలో చదివిన భారతీయ విద్యార్థులు 3,63,019 మంది. చాలా విశ్వవిద్యాలయాలు ట్యూషన్ మీద సెమిస్టర్‌కు ఇంత అని 'అంతర్జాతీయ విద్యార్థి రుసుము' విడిగా వసూలు చేస్తున్నాయి. ఆ రుసుము దేనికని మా తమ్ముడి చేత అడిగించాను. సేవలకు అని జవాబు. ఆ సేవల్లో పెద్ద భాగం వాడి రికార్డు రాయడమే.

నా మాటకు బలమైన సాక్ష్యం 2025 ఏప్రిల్‌లో దొరికింది. ఆ నెలలో ప్రభుత్వం వేలమంది రికార్డులను విశ్వవిద్యాలయాలకు చెప్పకుండానే రద్దు చేసింది. నేను పనిచేసే విశ్వవిద్యాలయంలో సలహాదార్లు ఉదయం ఏడుకే వచ్చి పేర్ల పట్టీ ముందేసుకుని ఒక్కొక్కరి రికార్డూ తెరిచి చూసేవారు. రాత్రి ఉన్న పేరు పొద్దుటికి ఉందా లేదా అని. ఉండకపోతే ఆ పిల్లవాడికి ఫోను చేసి చెప్పగలిగింది ఒక్కటే, లాయరును చూసుకో అని. వెంట ఒక జాబితా పంపేవారు. ఆ జాబితాలోని లాయర్లకు గంటకు వందల డాలర్లు. లాయరు దొరికినవాళ్లు కోర్టుకు వెళ్లి ఉత్తర్వులు తెచ్చుకున్నారు. అలాంటి కేసులు గుట్టలు పడ్డాకే ఏప్రిల్ 25న ప్రభుత్వ న్యాయవాదులు రికార్డులు తిరిగి ఇస్తున్నామని కోర్టులో చెప్పారు. దొరకనివాళ్లలో కొందరు అప్పటికే టికెట్టు కొనుక్కుని వెళ్లిపోయారు.

మరుసటి నెల హార్వర్డ్‌కు విదేశీ విద్యార్థులను చేర్చుకునే అనుమతినే ప్రభుత్వం తీసేసింది. మే 22న తీసేస్తే మే 23న హార్వర్డ్ కోర్టులో ఉంది, ఆ రోజే ఉత్తర్వు కూడా చేతికి వచ్చింది. తన మీదికి వచ్చినప్పుడు సంస్థకు లాయరు ఎంత త్వరగా దొరుకుతాడో చూశాం.

ఆవిడ ఏమన్నదంటే

ఈ వాదన అంతా ఆ పాత సలహాదారుకు ఫోనులో వినిపించాను. ఇప్పుడావిడ రిటైరయింది, తోటపని చేస్తోంది. అంతా విని, "మీ లాయరుకు సెవిస్‌లో బటన్ ఉంటుందా?" అని అడిగింది. ఉండదు. "అనుమతి ఇవ్వాల్సింది నా కుర్చీయే కదా. లాయరు ఉన్నాడని తెలిస్తే పిల్లలు ముందు అక్కడికి వెళ్తారు. ఆయన అపాయింట్‌మెంట్ వచ్చే వారం. ఈలోపు గడువు దాటిపోతుంది. మీ తమ్ముడికి కావలసింది లాయరు కాదు, మా గుమ్మం తొక్కే ధైర్యం. పక్కన ఇంకో గుమ్మం కడితే మాది ఇంకా భయంకరంగా కనిపిస్తుంది."

దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. మా తమ్ముడి విషయంలో ఆవిడ మాటే నిజం. వాడికి కావలసింది ఐదు నిమిషాల సంతకం. లాయరు ఉన్నా వాడు వాట్సాప్‌లోనే అడిగేవాడేమో. ఇంకో సందేహం నాకే ఉంది. విశ్వవిద్యాలయం జీతమిచ్చే లాయరు ఎంతవరకు స్వతంత్రుడు? విద్యార్థి గొడవ విశ్వవిద్యాలయంతోనే అయితే? బయటి సంస్థకు ఇస్తే కొంత నయం, పూర్తిగా కాదు.

అయినా నా మాట వెనక్కి తీసుకోలేదు. కారణం, ఆవిడ చెప్పిన ధైర్యం ఆవిడ లాంటి వ్యక్తి మీద ఆధారపడింది. నాకు తలుపు వేసి హెచ్చరించే మనిషి దొరికింది. వాడికి దొరికింది మూడు మెయిళ్లు. వాడిలాంటివాళ్లు నిన్న చేసిన తప్పుతో ఈ రోజు నిద్ర లేస్తే, నోరు విప్పగలిగే చోటు ఆ క్యాంపస్‌లో ఒక్కటీ లేదు. స్టేటస్ పోయిన ఐదు నెలల్లోపు దరఖాస్తు పెడితే అది తిరిగి వచ్చే అవకాశం ఉందన్న సంగతి కూడా వాడికి నేను చెప్పేదాకా తెలియదు. వాడు అప్పటికి ఇంటికి తిరిగి వెళ్లే టికెట్టు ధరలు చూస్తున్నాడు.

ఇకముందు ఈ అవసరం పెరిగే సూచనలే ఉన్నాయి. చదువు సాగినంతకాలం ఉండవచ్చన్న పద్ధతి తీసేసి, గరిష్ఠంగా నాలుగేళ్లని గడువు పెట్టాలని 2025 ఆగస్టులో ప్రభుత్వం ప్రతిపాదించింది. ఇప్పుడు పీహెచ్‌డీ ఇంకో ఏడాది పడితే డీఎస్‌ఓ తన బల్ల దగ్గరే ఐ-20 పొడిగిస్తుంది. ఆ ప్రతిపాదన ప్రకారమైతే ఇమిగ్రేషన్ శాఖకు దరఖాస్తు పెట్టుకోవాలి. పీహెచ్‌డీలు నాలుగేళ్లలో అయిపోతాయని నమ్మేవారు ప్రయోగశాలలో ఎలుకలు చచ్చిపోవడం చూసి ఉండరు.

ఉద్యోగుల సంగతి

మాలాంటి ఉద్యోగుల మాట కొద్దిగా చెప్పి ముగిస్తాను. విశ్వవిద్యాలయాల హెచ్-1బీ ఉద్యోగ వీసాకు లాటరీ లేదు, అది పెద్ద వరమే. కాని ఆ దరఖాస్తు యజమానిది, నాది కాదు. చాలాచోట్ల ఉద్యోగి సొంత లాయరును పెట్టుకోనివ్వరు, ఆఫీసు ఎంచుకున్నవారే చేయాలి. నేను ఒకసారి గ్రీన్ కార్డు గురించి ఆ లాయరును నేరుగా అడిగితే, "నా క్లయింటు విశ్వవిద్యాలయం" అని మర్యాదగా చెప్పాడు. మా అంతస్తులో వరంగల్ నుంచి వచ్చిన పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత పరిశోధన చేసేవాడు) ఒకతను ఉండేవాడు. ప్రాజెక్టు డబ్బు అయిపోతోందని తెలిసి, పొడిగింపు గురించి అడగడానికి ఇంటర్నేషనల్ ఆఫీసుకు వెళ్తే, డిపార్టుమెంటు అడిగితేనే మాట్లాడతామన్నారు. డిపార్టుమెంటుకు వెళ్తే ఇంటర్నేషనల్ ఆఫీసును అడగమన్నారు. ఉద్యోగం పోయాక మిగిలేది గరిష్ఠంగా 60 రోజులు. అతను అందులో సగం ఈ రెండు భవనాల మధ్య నడవడానికే ఖర్చు పెట్టాడు. 2025 సెప్టెంబరులో విదేశాల నుంచి హెచ్-1బీ మీద కొత్తగా తెచ్చుకునేవారికి యజమాని లక్ష డాలర్లు కట్టాలన్న ప్రకటన వచ్చాక, డిపార్టుమెంట్లు 'స్పాన్సర్' అన్న మాట వింటేనే కళ్లు దించుకుంటున్నాయి.

మా తమ్ముడి దరఖాస్తు ఇంకా పెండింగులో ఉంది. తరగతులకు వెళ్లవచ్చు. క్యాంపస్ భోజనశాలలో గిన్నెలు కడిగే ఉద్యోగం మాత్రం పోయింది. దరఖాస్తు రాసిన లాయరుకు నేనూ, చిన్నాన్నా చెరిసగం ఇచ్చాం. నా సగం సంగతి చిన్నాన్నకు తెలియదు.

డిసెంబరు సెలవులకు వాడు మా ఇంటికి వచ్చాడు. రావడానికి ముందు ఫోను చేశాడు. "అక్కా, మీ ఇంట్లో పది రోజుల కంటే ఎక్కువ ఉంటే చిరునామా మారినట్టు ఆఫీసుకు చెప్పాలా?"

"అది ఇల్లు మారడం కాదురా, చుట్టపుచూపు" అన్నాను.

"నువ్వూ సీనియర్‌వే కదా" అన్నాడు. "అందుకే వాళ్లకు కూడా మెయిల్ పెట్టాను. ఐదు పనిదినాల్లో జవాబిస్తామని వెంటనే దానంతట అదే ఒక జవాబు వచ్చింది. ఇవాళ్టికి ఏడో రోజు."